మహిళా మండలిలో మగవాడి కుర్చీ

ఆదివారం, బేతంచెర్ల

మహిళా మండలి పెట్టిన రోజున, అందులో మగవాళ్లెవరూ పెత్తనం చేయరని అప్పటి సర్పంచ్ అందరి ముందూ మాటిచ్చాడు. ఆ మాట ఏడాది కూడా నిలవలేదు.

ఈ రోజు వార్షికోత్సవం. అధ్యక్షురాలు చాప మీద కూర్చుంది. ఆమె కుర్చీలో ఆమె మొగుడు, ఆ సర్పంచ్ కొడుకే, కూర్చుని మండలి చరిత్ర చెప్పాడు. ఊళ్లో సారా అంగడి మూయించింది వాళ్ల నాయనట!

ఆనాడు చీపురు పట్టుకుని నా భార్య సరస్వతి వెంట అంగడి మీదికి పోయిన మారెమ్మ ఊరుకోలేదు.

"ఏమప్పా, ఆ పొద్దు మీ నాయన యాడుండె? ఆ అంగట్లోనే తాగి పండుకోనుండె గదా! మేమే గదా ఎత్తి బయటేసింది!"

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. అతను మాత్రం ఏమీ విననట్టు శాలువాలు కప్పించుకున్నాడు. కుర్చీలోంచి లేవలేదు.

దేశదేశాల మహిళా సంఘాల చరిత్రలు చదివాను. ఒక కుర్చీకి ఓడిపోయిన సంఘం ఎక్కడా కనబడలేదు.

ఆ కుర్చీ మా ఇంటిదే. తొలి ఏడాది సర్పంచ్ మీటింగు చూడ్డానికి వస్తే, "పెద్దమనిషిని నిలబెడితే ఏం బాగుంటాది?" అని మా ఆవిడే తెప్పించి, కొంగుతో తుడిచి మరీ వేసింది. నేను వద్దంటే వినలేదు. ఆమె పోయి ఇన్నేళ్లయినా నా కోపం ఆ సర్పంచ్ మీద కాదు, సరస్వతి మీదే.