క్లచ్ కవరు మీద పొక్కులు

పర్చూరు
కార్తీక మాసం

ప్రియమైన రంగుల చక్రవర్తి యేసుపాదానికి,

పర్చూరు మండల ప్రజలకూ, వారి గేదెలకూ, గేదెల వీపుల మీద వాలే కాకులకూ మిక్కిలి గంభీరంగా ప్రకటించడమేమనగా: వినుకొండలో తమరు రంగు వేసి పంపిన నా మోటారు సైకిలు ఇంజను పక్కనుండే క్లచ్ కవరుకి ఆటలమ్మ పోసింది. ఒళ్లంతా పొక్కులు. వేపమండలు కట్టాలో, పాలు పోయాలో తమరే సెలవివ్వాలి.

ఒరేయ్, నవ్వింది చాలు. గోటితో గిల్లితే రంగు అప్పడంలా లేచొచ్చింది. కింద తెల్లటి చిలుము, పిండిలాగా రాలుతోంది. కవరు విప్పి, ఈ ఉత్తరం చుట్టి బస్సు పార్సిలులో వేస్తున్నా. ఫోనులో తిడితే పెట్టేస్తావు, కాగితమైతే చివరిదాకా చదవక చస్తావా.

అన్నట్టు, మొన్న అద్దంకి వెళ్లి మీ గురువు మాబు సాహెబ్ గారికి కూడా చూపించా. నీ చేతికి మొదట స్ప్రే గన్ను ఇచ్చినాయనే కదా, చూడనీ అని. అటూ ఇటూ తిప్పి, "మా పాదం వేసిందేనా?" అన్నాడు. అవునన్నా. కవరు నా చేతిలో పెట్టేశాడు. లోపలికెళ్లి చెయ్యి కడుక్కున్నాడు.

ఎలీసమ్మ చెల్లిని అడిగానని చెప్పు.

పొక్కుల బాధితుడు,
కోటేష్

*

వినుకొండ

ప్రియమైన కోటేష్‌కి,

ప్రభువు పేరట వందనాలు. కవరు అందింది. నీ ఉత్తరం ఎలీసమ్మ చదివించుకుని, ఆ గేదెల మాట దగ్గర బాగా నవ్వింది. గురువుగారి మాట రాగానే ఇద్దరం ఆగిపోయాం.

తప్పు నాదే అయ్యుంటుంది. పాత రంగు తీశాక సరిగ్గా ఆరబెట్టలేదేమో. లోపల తడి ఉండిపోతే ఇంజను వేడికి ఆవిరై రంగుని పైకి తోస్తుంది. ఈసారి లోహం కనపడేదాకా గీకి, గరుకు కాగితం పట్టి, థిన్నరుతో తుడిచి, ఎండలో పెట్టాను. అల్యూమినియానికి పట్టే ప్రైమరు వేశాను. దాని మీద వేడికి ఆగే నలుపు వేశాను. మధ్యలో వేరే పని ముట్టుకోలేదు.

ఒక్కటి అడుగుతా. ఆయన నిజంగా చెయ్యి కడుక్కున్నాడా? తర్వాత ఏమన్నా అన్నాడా? దాచకుండా రాయి. నువ్వు ఎన్ని కోతలు కోసినా ఆయన పేరు మీద కొయ్యవని నాకు తెలుసు.

నీ
యేసుపాదం

*

పర్చూరు
మిరపకి మందు కొట్టే రోజులు

ప్రియమైన పాదానికి,

శుభవార్త. అమ్మవారు మళ్లీ వచ్చింది. ఈసారి పొక్కులు బఠాణీలంత ఉన్నాయి. టీ కొట్లో బండి ఆపి, "వినుకొండ వారి పూల డిజైను, చూసి తరించండి" అన్నా. జనం గ్లాసులు వదిలేసి వచ్చారు. ఇద్దరు నీ అడ్రసు కూడా అడిగారు, పొరపాటున ఆ పక్కకి పోకుండా.

గురువుగారు ఏమన్నాడని కదా అడిగావు. అడిగావు కాబట్టి రాస్తున్నా, మళ్లీ నన్నంటే ఊరుకోను. "వాడి చేతిలో పని అయిపోయింది, గన్ను పక్కన పెట్టమను" అన్నాడు. నీ మొహం ఇప్పుడెలా ఉందో చూడాలనుంది రా.

ఇట్లు,
పూలబండి కోటేష్

*

వినుకొండ

ప్రియమైన కోటేష్‌కి,

షెడ్డు బోర్డు దింపేశాను. మా పాస్టరుగారి బండి ఇంజను విప్పి ఉంది. రంగు వెయ్యకుండానే బిగించి ఇచ్చేశాను. "ఏంటయ్యా పాదం, ఇలాగే ఇస్తున్నావు?" అంటే, అందరి ముందూ తల వంచుకుని నిలబడ్డాను.

సోమవారం నుంచి కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాలు మోసే పనికి ఒప్పుకున్నాను. ఈ వయసులో నడుం ఆగుతుందా అని ఎలీసమ్మ గొడవ. ఆదివారం ఆరాధన అయ్యాక అద్దంకి పోతాను. గన్ను ఆయన ముందు పెట్టేసి వెనక్కి చూడకుండా వచ్చేస్తాను. ఆయన మొహం చూసే ధైర్యం లేదు.

నీ మీద కోపం లేదురా. అందరూ బాగుంది బాగుంది అంటూ మోసం చేశారు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది నువ్వొక్కడివే.

యేసుపాదం

*

వినుకొండ
ఆదివారం

ప్రియమైన పాదం,

మీ షెడ్డు ఎదురుగా, ఆదెమ్మ టీ కొట్టు బల్ల మీద కూర్చుని రాస్తున్నా. నువ్వింకా చర్చి నుంచి రాలేదు. నిన్న ఫోను చేసి, "ఎవరూ" అని నీ గొంతు వినగానే పెట్టేసింది నేనే. నోటితో చెప్పడం నా వల్ల కాలేదు.

నీ ఉత్తరం మా ఆవిడ కోటిరత్నానికి చదివి వినిపించా. నవ్వుతుందనుకున్నా. అది లేచి బండి దగ్గరికెళ్లి వంగి చూసి, "ఏమయ్యో, ఈ నీలం చారలు నీ మందు డబ్బావి కాదూ?" అంది.

అవును రా. మిరపకి కొట్టే మైలుతుత్తం నీళ్లు ఇంటి దగ్గరే కలిపి, డబ్బాని పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని, పొట్ట ఆనించి చేలోకి పోతుంటా. మూత వదులు. కారిందంతా నీ రంగు మీదికే. ఇనప బకెట్లో మైలుతుత్తం కలపొద్దు, బకెట్టుని తినేస్తుంది అని ఊరందరికీ చెప్పేది నేనే. కాళ్ల మధ్యనున్న ఇంజను కూడా లోహమేనని ఈ బుర్రకి తట్టలేదు. చెప్పు రాసుకుని గీత పడ్డ చోటల్లా ఆ నీళ్లు దూరి, కింద నుంచి తినుకుంటూ వచ్చాయి. నీ చేతిలో ఏ లోపమూ లేదు. ఈ మాట మా టీ కొట్లో కూడా చెప్పి వచ్చా. ఈసారి ఎవరూ గ్లాసు దించలేదు. "ఇదింకో వేషమా కోటేషూ" అన్నారు.

బోర్డు ఎక్కించు. నిచ్చెన నేను పట్టుకుంటా.

సిగ్గుతో,
కోటేష్

ఉత్తరం మడిచి ఆదెమ్మ చేతికిచ్చా. ఇక్కడితో తప్పుకుందామనే అనుకున్నా, తప్పంతా మందు మీదికి తోసేసి. ఆవిడ, "పాదంగారు నిన్నంతా ఆ గన్ను తుడుస్తూనే ఉన్నారండీ, ఎవరికో ఇచ్చెయ్యాలంట" అంది. కాగితం వెనక్కి లాక్కుని ఇది కింద రాస్తున్నా.

అద్దంకి వెళ్లకు రా. మాబు సాహెబ్ గారు ఆ కవరు చూడలేదు. నేను అద్దంకి వెళ్లనే లేదు. ఆయన నిన్ను ఒక్క మాటా అనలేదు. ఆ చెయ్యి కడుక్కోవడం, గన్ను పక్కన పెట్టమనడం, మొత్తం నేను కల్పించిందే.