మస్కట్ మూడున్నర గంటలే

లాల్‌దర్వాజా,
12-7-2001

అమ్మకు రాగసుధ నమస్కారాలు. ఆయన నిన్న క్షేమంగా మస్కట్ చేరారు, దిగులుపడకు.

విమానం పొద్దున పదింటికి లేచింది. నేను ఇంటికొచ్చి, అన్నం ముట్టకుండా గడియారం చూస్తూ కూర్చున్నాను. ఇంటిగలావిడ రాబియా గారు వచ్చి, "గింత ఫికర్ ఏంది బేటా? మస్కట్ మూడున్నర గంటలే. రేపల్లె నుంచి మీ అమ్మ రావాల్నంటే రాత్రంత రైల్ల కూసోవాలె" అని నవ్వించారు. రెండున్నరకు వాళ్లింటి ఫోన్ మోగింది. "దిగాను. తిన్నావా?" అన్నారు ఆయన.

ఫోన్ పెట్టేశాక ఆవిడ మెల్లగా, "దగ్గరనే బేటా. గానీ మా ఇంటాయన ఆడికి పోయి తొమ్మిదేండ్లాయె, మూడుసార్లే వచ్చిండు" అన్నారు. ఆవిడా పొద్దుటినుంచి ఏమీ తినలేదట. ఇద్దరం కలిసి తిన్నాం.

నాకు ఏడో నెల కదా, డాక్టరమ్మ ప్రయాణం వద్దంది. పురుడు ఇక్కడే. నువ్వే రావాలి. నీ పాత నూలు చీరలు పొత్తిళ్లకు తెచ్చిపెట్టు. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? కడుపుతో ఉన్నదాన్ని వదిలివెళ్లాడని ఆయన మీద కోపం పెట్టుకోకు. విమానమెక్కే ముందు చాలాసేపు నా చెయ్యి వదల్లేదమ్మా.

నువ్వొచ్చేదాకా రాబియా గారు నా గదిలోనే పడుకుంటానన్నారు.

నాన్నకు నమస్కారాలు.

నీ రాగసుధ