నాన్న బుగ్గ

వదినా,

ఇక్కడ అందరం కులాసా. ఆ రోజు నువ్వు చేతితొడుగులు వేసుకుని, పైన కప్పిన పలుచటి కాగితం తీసి, ప్రింటు చేసిన నాన్న ఫొటో బల్లమీద పరవగానే అమ్మ ఆయన బుగ్గ నిమరబోయింది. చెయ్యి రాసుకుంటే రంగు చెదురుతుందని నేను అరవబోయాను. నువ్వు మాత్రం మెల్లగా ఆ చెయ్యి పట్టుకుని, "ఇది గోడకి, అత్తయ్యా. మీకు వేరేది తెచ్చా, ఎంతసేపైనా నిమురుకోండి" అన్నావు. కన్నకూతుర్ని, నాకే తట్టలేదు. నీకెలా తట్టింది వదినా?

గోడమీద నాన్న అద్దం వెనక చెక్కుచెదరలేదు. అమ్మ చేతిలోని నాన్నకే బుగ్గ అరిగి తెల్లబడింది. "మీ నాన్న పాలిపోయారే, కోడలికి రాయి" అంటోంది.

ఇంకొకటి పంపు. వీలైతే నాకూ ఒకటి, నిమురుకోడానికి.

నీ ఆడపడుచు