రేకు మీది వోల్టులు

నందిగామ

పుల్లయ్యన్నా,

కాలిపోయిన మోటారును ఆటోలో జగ్గయ్యపేట నీ వైండింగ్ షాపుకు పంపుతున్నాను. ఫోనులో చెబితే సగం మర్చిపోతాను, అందుకే ఈ ఉత్తరం. ముందు మంచి మాట. మా అబ్బాయి రూబెన్ బతికి బయటపడ్డాడు! ప్రభువుకు స్తోత్రం, వెయ్యిసార్లు స్తోత్రం!

పెనుగంచిప్రోలులో మా కారం మరకు కరెంటు మూడొందల యాభై వోల్టులు దాటేది కాదని, ఆ లెక్కకే నీచేత మోటారులో రాగితీగ చుట్టించుకున్నాం కదా. ఇప్పుడు మరను నందిగామ మార్చాం. ఇక్కడ నిండు కరెంటు, నాలుగొందల పదిహేను. మోటారు మీది పాత కంపెనీ రేకు కూడా అదే అంకె చూపిస్తోంది. ఎలక్ట్రీషియన్ అది చదివి, సరిపోయిందని కలిపేశాడు. నువ్వు తక్కువ వోల్టులకు చుట్టిన సంగతి మాకెవరికీ గుర్తే రాలేదు.

నిన్న మధ్యాహ్నం మోటారు అంటుకుంది. షెడ్డు నిండా పొగ, మాడిన కారం ఘాటు. లోపల రూబెన్ ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. కాసేపటికి వెనక తలుపులోంచి దగ్గుకుంటూ వచ్చాడు.

"ఏంటి నాన్నా, నన్ను కూడా కారం పట్టిద్దామనుకున్నావా?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వానట.

నీ తప్పేం లేదన్నా, బాధపడకు. ఈసారి మాత్రం రేకు మీదున్న వోల్టులకే చుట్టు.

ఇంత సంతోషంలోనూ ఒళ్ళు మొద్దుబారిపోయింది. పొద్దున టీ గ్లాసు పట్టుకుంటే వేడి తెలియలేదు. వాడు పడుకున్నాడు. రాస్తూ రాస్తూ లేచి వెళ్ళి చూసొస్తున్నాను. ఇప్పుడు కూడా చూసొచ్చాను. ఊపిరి తీసుకుంటున్నాడన్నా.

ఇట్లు,
రూబెన్ వాళ్ళ నాన్న