పట్టపగలు మిణుగురులు

జోగ్యా, ఆదివారం

తుకినెమ్ వదినకు,

బతికే ఉన్నావని నీ ఉత్తరం చూశాక తెలిసింది. నా చదువు అంతంతమాత్రం, తప్పులుంటే నవ్వుకో. నవ్వడం నీకు కొత్తా?

తల పగిలిపోతోందని, కళ్ళ ముందు మిణుగురులు ఎగురుతున్నాయని, ఊరి నర్సమ్మ బీపీ బాగా ఎక్కువుందన్నదని రాశావు. నా కూతురు వుర్యానిని చూసిన కళ్ళ డాక్టరమ్మ దగ్గరికే నిన్ను తీసుకెళ్ళమన్నావు. ఎంత ధైర్యం వదినా!

నీ ఇంటి కోడలిగా దానికి చేసిన ఏడో నెల వేడుక గుర్తుందా? బట్ట మీద మైనంతో పువ్వులు గీసే పిల్ల, గీత రెండుగా కనిపిస్తోందని పని పక్కన పెట్టేసింది. మొహం, కాళ్ళు ఉబ్బిపోయాయి. "అత్తయ్యా, పట్టపగలు మిణుగురులు కనిపిస్తున్నాయి" అంది. పోయినవాళ్ళ గోళ్ళే మిణుగురులై ఎగురుతాయని కదా మన నమ్మకం. నువ్వు మొహం చేటంత చేసుకుని, "పోయిన మీ మామయ్యేనే! మనవణ్ణి చూసుకోడానికొచ్చాడు. ఇంటికొచ్చిన పెద్దాయన్ని వదిలేసి గడప దాటతావా?" అన్నావు. ఆస్పత్రికి తీసుకెళతానని నేనంటే, "మీ పట్నంవాళ్ళకి చీమ కుట్టినా సూదిమందే కదా వదినా" అని అందరి ముందూ ఎకసెక్కాలాడావు. పూలు చల్లి దాన్ని చాప మీద కూర్చోబెట్టావు.

మూర్ఛలొచ్చాక గానీ దాన్ని ఇక్కడి ఆస్పత్రికి మోసుకురాలేదు. మిట్టమధ్యాహ్నం నా చెయ్యి తడుముతూ, "అమ్మా, దీపం పెట్టవేం?" అంది. డాక్టరమ్మ దాని కంట్లోకి వెలుగు వేసి చూసి, "బీపీకి కంటి వెనక రక్తనాళాలు దారాల్లా బిగుసుకుపోయాయమ్మా. నీరు చేరి లోపలి పొర లేచిపోయింది. ఆ మిణుగురులు ఇవే. కన్ను ముందే చెప్పింది, మీరు వినలేదు" అంది. నా పిల్ల బిడ్డ ఏడుపు వింది. మొహం చూడకుండానే పోయింది.

ఇప్పుడు నీకు కనిపించేవీ మీ ఆయన గోళ్ళే వదినా. పూలు చల్లుకో. చాప మీద కూర్చో. పెద్దాయన్ని వదిలేసి ఎక్కడికొస్తావు?

ఇంతవరకూ రాసి మడిచేశాను. మనవరాలు లేచి ఏడ్చింది. ఎత్తుకుంటే అచ్చం వుర్యాని మొహం. అందుకే మళ్ళీ విప్పి రాస్తున్నాను.

ఈ ఉత్తరం తెచ్చిన బస్సే ఎక్కు. బస్టాండులో నేనుంటాను. డాక్టరమ్మ దగ్గర పక్కనే కూర్చుంటాను, మందులు నేనే మింగిస్తాను. నీ కళ్ళు పోవడానికి వీల్లేదు. ఈ పిల్ల నడుస్తుంది, జడ వేయించుకుంటుంది, వాళ్ళమ్మలాగే పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంది. బతికినన్నాళ్ళూ నువ్వు ఆ మొహం చూస్తూనే ఉండాలి.

నీ చావు కోరని,
రుబియా