గోడ మీద గట్క

రాబిగ్,
ఫిబ్రవరి 7, శుక్రవారం

ప్రియమైన సరళా,

అమ్మకు ఫోన్‌లో వినపడదు కదా, ఇది పక్కన కూర్చొని చదివి వినిపించు.

నేను వండే మెస్‌లో బెర్తో అని ఇటలీ ఇంజినీరు తింటాడు. ముసలాయన. ఇవాళ మక్క రవ్వ తెచ్చి, వాళ్లమ్మ వండినట్టు వండమన్నాడు. చూస్తే మన గట్కే! తింటూ వాళ్ల కొండ ఊరి భాషలో ఏదో అన్నాడు. ఆ భాష ఆయన పిల్లలకే రాదట. నేనూ మన మాటే మాట్లాడాను, "తిను పెద్దయ్యా, ఇంకింత ఏస్త" అని. ఒకరిది ఒకరికి ముక్క అర్థం కాలేదు. ఇద్దరం ఏడ్చాం.

గట్క గడ్డలు కట్టింది. అమ్మ ఎలా వండుతుందో అడిగి రాయి. అడుగంటింది గోకి మధ్యాహ్నం గోడ మీద పెడితే కాకి వచ్చి మెతుకు మిగల్చలేదు. ఇక్కడా మన కాకులే.

ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు గడువు అయిపోయినా, మా అరబ్బు యజమాని, ఆ కఫీల్, ఇంటికి పోనిచ్చే ఎగ్జిట్ కాగితం ఇవ్వడం లేదు. ఇచ్చిన రోజే బయలుదేరతాను. అమ్మ చేతి గట్క తినాలి.

నీ స్వామి


ఫిబ్రవరి 25

ప్రియమైన బావా,

ఒక వంతు రవ్వకు నాలుగు వంతుల నీళ్లు, చిటికెడు ఉప్పు. ఎసరు మరిగాక రవ్వ పోస్తూ కలుపుతూనే ఉండాలి. ఇక్కడి బెంగ పెట్టుకోకు. వేళకు తిను.

నీ సరళ


రాబిగ్,
మార్చి 12

ప్రియమైన సరళా,

ఎగ్జిట్ వచ్చింది! 31న జెద్దాలో విమానం. అమ్మకు మెత్తటి దుప్పటి కొన్నాను.

ఉప్పు ఎందుకు చెప్పింది అమ్మ? ఆమె గట్కలో ఎన్నడూ వేయదు, చల్లలో కలుపుతుంది. మరిచిపోయిందేమో, పాపం. వచ్చి నేనే గుర్తు చేస్తాను.

నీ స్వామి


మార్చి 27

ప్రియమైన బావా,

ఆలస్యం కావద్దని ఇది ఫోటో తీసి ఫోన్‌కు పంపుతున్నాను. కూర్చొని చదువు.

ఉప్పు మాట నాది. నీ ఉత్తరం వచ్చేసరికే అత్తమ్మ లేదు. ఫిబ్రవరి 5, బుధవారం పొద్దున పోయింది. నా చేయి పట్టుకొని, "స్వామికి చెప్పకు బిడ్డా, రాలేక ఆడ గుండె పలిగి సస్తడు" అన్నది. నీ తమ్ముడు ప్రభాకర్ తలకొరివి పెట్టాడు. ఊళ్లో అందరినీ నేనే బతిమాలి నోరు కట్టించాను. తిట్టు, పడతాను.

మూడో రోజు, శుక్రవారం, ఆమెకిష్టమని గట్క వండి పిట్టకు పెట్టాం. ఎంతసేపు చూసినా ఒక్క కాకీ వాలలేదు. "పెద్దకొడుకు చేతిది గాంది ముట్టది" అని అందరూ ఏడ్చారు. చివరికి ఆవుకు పెట్టి లేచాం. ఆకలితో పోయిందని ఆ రోజు నుంచి నాకు అన్నం దిగలేదు.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. తేదీ చూశాను. అదే శుక్రవారం బావా, అదే మధ్యాహ్నం.

ఆ రోజు నువ్వు ఉప్పు వేయలేదు కదా?

తినే పోయింది. దుప్పటి తీసుకొనే రా.

నీ సరళ