మూడుసార్లు చెప్పాకే

కొండాపురం, శుక్రవారం.

ఏమండీ, మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. పాత ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగాక మనవాళ్లను కలిపి ఉంచిన వాట్సాప్ గ్రూపును మీ ఫోనులోనే చూసుకుంటున్నాను.

ఇళ్ల స్థలాల జాబితా తప్పని గొడవపడిన టైలర్ మస్తాన్‌ను మీరు గ్రూపులోంచి తీసేశారు కదా. మూడుసార్లు హెచ్చరించాకే ఎవరినైనా తీసేయాలన్నది మీరు పెట్టిన నియమం. పొద్దున పాత మెసేజీలన్నీ చదివాను. మీరు హెచ్చరించింది రెండుసార్లే. అందుకే మళ్లీ చేర్చాను.

చేర్చినట్టు అందరికీ మీ పేరే కనిపిస్తుందని నాకు తట్టలేదు. ముందుగా మస్తానే రాశాడు: "మామా, సచ్చిపోయినా పెత్తనం ఇడిసిపెట్టలేదే! నా మీద కోపం పాయెనా?"

ఇక జరగాల్సినవి:

1. కోపం పోయిందని మీ ఫోనులోంచే అతనికి జవాబివ్వాలి.
2. తప్పు మనదని అందరి ముందూ ఒప్పుకోవాలి.
3. నన్ను అడ్మిన్ చేసుకుని, గ్రూపులోంచి మిమ్మల్ని తీసేయాలి. మూడుసార్లు చెప్పాకే. ఇది మొదటిసారి.